మన కంటి ఎత్తులో కెమెరా

(జిల్లా మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను వీడియో కళ గురించి మాట్లాడమన్నారు. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను సినిమాల గురించి చదువుకున్నదాన్ని కాదు. నెల్లూరు జిల్లాలో ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన టీచర్ని. 1990 దశకం మొదట్లో అక్షరదీపం రాత్రి బడుల్లో పనిచేశాను. ఆ బడుల్లోంచే సారా వ్యతిరేక ఉద్యమం లేచింది కాబట్టి దానిలోనూ ఉన్నాను. అందువల్ల ఇవాళ నేను చెప్పబోయేది కళావిమర్శ కాదు. ఫోనులో నాకు దొరికిన కొన్ని చిన్న చిత్రాలు నాకేం నేర్పాయో, మా సంఘం ఒకప్పుడు చేసిన ఒక తప్పును నాకెలా చూపించాయో చెబుతాను.

2020లో కరోనాతో అందరం ఇళ్ళలో కూచున్నప్పుడు మా అక్క కూతురు తన పాత ఫోను నాకిచ్చింది. "పిన్నీ, పొద్దుపోతుంది చూసుకో" అంది. మొదట్లో ఆ ఫోను నాకు చూపించినవేంటో మీకు తెలుసు. పచ్చళ్ళు, ముగ్గులు, సీరియల్ ముక్కలు, భర్తను ఎలా మెప్పించాలో చెప్పే ఉపన్యాసాలు. ఆడదాని చేతిలో ఫోను పడగానే అది వంటింటి వైపే దారి చూపిస్తుంది. మనం ఏది చూస్తే దాని తర్వాత అలాంటిదే ఇంకొకటి తెచ్చి పెడుతుంది. సినిమాహాలు పోస్టరు మీద కనీసం మనకు అక్కర్లేని సినిమా బొమ్మ కూడా కనిపిస్తుంది. ఇక్కడ అదీ లేదు.

ఒకరోజు వంటల వీడియోల కోసం వెతుకుతుంటే ఆ వరసలో ఒక నలుపు తెలుపు బొమ్మ కనిపించింది. ఒక వంటగది, బల్ల వెనక ఒక ఆడమనిషి. నవ్వు లేదు, అలంకారం లేదు. సరేనని నొక్కాను. ఆరు నిముషాల చిత్రం. దాన్ని అమెరికాలో మార్తా రోజ్లర్ అనే కళాకారిణి 1975లో తీసింది. పేరును మన భాషలో చెప్పుకోవాలంటే 'వంటగది సంకేతశాస్త్రం' అనాలి.

అందులో జరిగేది ఇంతే. ఆమె ఏప్రన్ తొడుక్కుని 'ఏప్రన్' అంటుంది. తర్వాత గిన్నె ఎత్తి 'బౌల్', తరిగే కత్తి ఎత్తి 'చాపర్'. అలా ఇంగ్లీషు అక్షరాల వరసలో వంట సామాను ఒక్కొక్కటే చూపిస్తూ దాని పేరు చెబుతుంది. టీవీలో వంటలు చూపించే వాళ్ళలాగే మొదలవుతుంది కానీ, చేతుల్లో ఏదో తేడా ఉంటుంది. ఫోర్కుతో గాల్లో పొడుస్తుంది. గరిటెతో ఏదో తీసి వడ్డించకుండా భుజం మీదుగా వెనక్కి విసిరేస్తుంది. చివరి అక్షరాలకు వచ్చేసరికి ఇక సామాను పేర్లు ఉండవు. కత్తి, ఫోర్కు రెండు చేతుల్లో పట్టుకుని తన ఒంటితోనే ఆ అక్షరాలు రాస్తుంది. ఆఖరి అక్షరాన్ని కత్తితో గాల్లో గీసి, భుజాలు ఎగరేసి ఊరుకుంటుంది. అయిపోయింది.

మొదట నాకు నవ్వొచ్చింది. రెండోసారి చూశాక నవ్వు రాలేదు. ఆ రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు. కారణం ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. నేను జన్మంతా చేసిన పని అక్షరాలు నేర్పడమే కదా. మనం వాచకాల్లో ఏం రాశాం? 'అ - అమ్మ' అన్నాం. పక్కన అమ్మ వంట చేస్తున్న బొమ్మ వేశాం. 'నాన్న' పక్కన పత్రిక చదువుతున్న బొమ్మ వేశాం. పిల్లకి అక్షరం నేర్పుతూనే దాని చోటు ఏదో కూడా నేర్పాం. ఆ అమెరికా ఆమె ఆ అక్షరమాలనే తీసుకుని, దాని లోపల దాగి ఉన్న కోపాన్ని చూపించింది. మన రాత్రి బడి వాచకంలో 'సీతమ్మ కథ' చదివి నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి నడిచారు. అక్షరానికి ఆ శక్తి ఉందని మనకు తెలుసు. వంటగదిలో నిలబడిన ఒక మనిషికీ, ఆరు నిముషాల టేపుకీ కూడా అలాంటి శక్తి ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

ఈ చిత్రాన్ని మా వరండాలో పదిమంది కూచుని చూసినప్పుడు ఒక చెల్లెలు అడిగింది, "అక్కా, వాళ్ళ వంటగదిలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు అన్నీ ఉన్నాయి. ఆమెకేం కష్టం? పొగలో దగ్గే మనకి ఆమె కోపంతో ఏం పని?" అని. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు చెప్పాను. పొగ పోయినంత మాత్రాన పని పంపకం మారదని ఆ చిత్రం చెబుతోంది. మనకు గ్యాసు రావాలి. వచ్చాక కూడా ఆ పొయ్యి ముందు ఎవరు నిలబడాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

అక్కడి నుంచి నేను ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఒక పేరు దొరికితే దాన్ని పట్టుకుని ఇంకో పేరు వెతకడం మొదలుపెట్టాను. ఫోను తనంతట తాను తెచ్చి ఇవ్వదు, మనమే పేరు కొట్టి అడగాలి. అలా వెతికితే ఒక చరిత్ర బయటపడింది.

1967లో సోనీ కంపెనీ పోర్టపాక్ అనే వీడియో పరికరాన్ని తెచ్చింది. అంతకు ముందు కదిలే బొమ్మ తీయాలంటే స్టూడియో కావాలి, ల్యాబు కావాలి, పదిమంది మనుషులు కావాలి. ఇది భుజాన వేసుకుని ఒక్కరే మోసుకుపోగలిగింది. తీసిన వెంటనే చూసుకోవచ్చు. నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ తీసుకోవచ్చు. పైగా అది కొత్త పరికరం. చిత్రకళలో, శిల్పంలో, సినిమాలో అప్పటికే మగ మహామహులు పీటలేసుకుని కూచుని ఉన్నారు. వీడియోలో ఇంకా ఎవరూ గురువులు లేరు. అందుకే చాలామంది స్త్రీలు దాన్ని అందిపుచ్చుకున్నారు. ఖాళీగా ఉన్న బంజరును పేదవాళ్ళు దున్నుకున్నట్టే అది కూడా.

ఫ్రాన్సులో కరోల్ రుసోపులోస్ అనే ఆమె ఒక పత్రికలో ఉద్యోగం పోయినప్పుడు వచ్చిన డబ్బుతో అలాంటి కెమెరా కొనుక్కుంది. 1975 జూన్‌లో లియోన్ నగరంలో ఒళ్ళమ్ముకుని బతికే స్త్రీలు పోలీసుల జరిమానాలకూ వేధింపులకూ నిరసనగా సెయింట్ నిజియే అనే చర్చిలోకి వెళ్ళి కూచున్నారు. బయటికి వస్తే పోలీసులు పట్టుకుంటారు. లోపలే ఉంటే వాళ్ళ మాట ఎవరికీ వినిపించదు. కరోల్ లోపలికి వెళ్ళి వాళ్ళ మాటలు రికార్డు చేసింది. చర్చి బయట టీవీలు పెట్టి ఆ టేపులు వేశారు. దారిన పోయే జనం ఆగి చూశారు. రాత్రిపూట వాళ్ళ దగ్గరికి దొంగచాటుగా పోయే సమాజం పగటిపూట నడివీధిలో నిలబడి వాళ్ళు చెప్పేది వినాల్సి వచ్చింది. వారం దాటాక పోలీసులు వాళ్ళను చర్చిలోంచి తరిమేశారు. కానీ ఆ టేపు మిగిలింది. జూన్ 2వ తేదీని ఇప్పటికీ ప్రపంచమంతటా ఆ స్త్రీల హక్కుల దినంగా జరుపుకుంటున్నారు. ఆ చిత్రంలో నేను గమనించిన విషయం ఒకటుంది. అక్కడ మనిషి లోపల క్షేమంగా ఉంది, మాట బయటికి వెళ్ళింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా మాట చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇవన్నీ దూరదేశాల సంగతులు, మనకేముందంటారా? నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు నా నోటుపుస్తకంలోని ఒక పేరు వెంటబడి పోతుంటే తెలుగు మాట వినిపించింది. 'ఇది కథ మాత్రమేనా'. ఇరవై అయిదు నిముషాల చిత్రం. 1983లో తీసింది.

బెంగుళూరులో 1980లో దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, నవ్రోజ్ కాంట్రాక్టర్ కలిసి యుగాంతర్ అనే బృందాన్ని పెట్టుకున్నారు. మూడు నాలుగేళ్ళలో నాలుగు చిత్రాలు తీశారు. పూనాలో ఇళ్ళలో పనిచేసే స్త్రీలు సంఘం కట్టిన కథ ఒకటి. నిపాణిలో పొగాకు కార్ఖానాల కార్మిక స్త్రీల పోరాటం ఒకటి. చిప్కో ఉద్యమంలోని సుదేశ అనే స్త్రీ కథ ఒకటి. నాలుగోది మన హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటనతో కలిసి చేసింది. 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంతో తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల గొంతులను 1986లో మనకందించిన సంఘం అదే. ఆ పుస్తకం ఎరిగిన మనలో ఎంతమందికి ఈ చిత్రం తెలుసు? నాకు తెలియదు. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను.

మిగతా మూడూ నిజంగా జరిగిన సంగతులు తీసినవి. ఇది మాత్రం కల్పన. సంఘంలోని స్త్రీలు కూచుని తమ అనుభవాలు చెప్పుకుని, వాటిలోంచి కథ అల్లి తీశారు. మధ్యతరగతి ఇల్లు, పెళ్ళి, దెబ్బలు, వాటికంటే ఎక్కువ నలిపేసే ఒంటరితనం, మరో స్త్రీ స్నేహంలో దొరికే ఊపిరి. ఇంతే అందులో ఉన్నది. మన ఇళ్ళల్లో రోజూ వినపడే మాటలే. కానీ వాటిని తెర మీద నా భాషలో, నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల నాటి చీరకట్టుతో చూసేసరికి కాసేపు మాట రాలేదు. మా తరం ఇళ్ళల్లో గుట్టుగా దాచుకున్నదాన్ని, మా తరం స్త్రీలే అంతకు ముందే చెప్పేశారు. భర్త, అత్తమామల క్రూరత్వాన్ని నేరంగా గుర్తించిన 498ఎ సెక్షన్ వచ్చిందీ ఆ 1983లోనే. ఇప్పుడు ఆ సెక్షన్ నంబరు మారింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు. నంబర్లు మారాయి, ఇళ్ళు ఎంత మారాయో మీరే చెప్పాలి.

ఈ చిత్రాలు నాకెలా దొరికాయి? బెర్లిన్‌లో ఆర్సెనాల్ అనే సినిమా సంస్థ పాత రీళ్ళను శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చడం వల్ల దొరికాయి. హైదరాబాదు ఆడవాళ్ళ మాట నెల్లూరు జిల్లాలో ఉన్న నాకు చేరడానికి జర్మనీ మీదుగా రావాల్సి వచ్చింది. దాచినవాళ్ళకు దండం పెట్టాలి. మన మాట మనం ఎందుకు దాచుకోలేకపోయామని కూడా అడుక్కోవాలి.

ఇక మూడో సంగతి, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. అక్కడ 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీల సంఘాలతో పనిచేస్తోంది. చిరుధాన్యాలు, విత్తనాలు కాపాడుకున్న సంఘాలు అవి. ఆ స్త్రీలలో కొందరు కెమెరా పట్టడం నేర్చుకుని సొంతంగా మీడియా ట్రస్టు నడిపారు. 2008లో సంఘం రేడియో కూడా పెట్టుకున్నారు. బడి మొహం చూడనివాళ్ళు, చూసినా మధ్యలో మానేసినవాళ్ళు, పొలంలో కూలి చేసినవాళ్ళు వాళ్ళు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల కష్టనష్టాల మీద 2003లో వాళ్ళు తీసిన చిత్రం విదేశాలకు కూడా వెళ్ళింది. చదువుకున్న శాస్త్రవేత్తలు ఒక మాట చెబుతుంటే, ఈ స్త్రీలు పొలం గట్టు మీద నిలబడి రైతు చెప్పేది తీసుకుని వచ్చారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది వాళ్ళు కెమెరాకు చెప్పుకున్న భాష్యం. పైనుంచి కిందికి చూసే షాటును వాళ్ళు 'పటేల్ షాట్' అన్నారు. మేడ మీది దొర కింద నిలబడ్డవాళ్ళను చూసే చూపు అది. కింది నుంచి పైకి తల ఎత్తి చూసేది బానిస షాట్. ఎదుటి మనిషి కంటి ఎత్తులో కెమెరా పెట్టి, సంఘంలో అందరూ నేల మీద సమానంగా కూచున్నట్టు తీసేది 'సంఘం షాట్'. సినిమా పుస్తకాలు వీటికి వేరే పేర్లు పెట్టి ఉండవచ్చు. కెమెరా ఎత్తులో కూడా కులం ఉంటుందని, అధికారం ఉంటుందని ఈ స్త్రీలు చెప్పినంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

ఈ మాట విన్నాక నాకు మా పాత ట్రంకు పెట్టె గుర్తొచ్చింది.

1992లో సారా ఉద్యమం ఊపు మీద ఉన్నప్పుడు మేము ఒక వీడియో తీయించాం. టౌనులో పెళ్ళిళ్ళకు వీడియో తీసే అతన్ని మాట్లాడుకుని, చందాలు వేసుకుని డబ్బు కట్టి ఊళ్ళు తిప్పాం. తర్వాత ఆ క్యాసెట్లను టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి మరికొన్ని ఊళ్ళలో వేసి చూపించాం. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. క్యాసెట్లు ట్రంకులోకి వెళ్ళాయి. తర్వాత సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, పోయింది. ట్రంకు అలాగే ఉంది.

తెరిచి చూస్తే ఏడు క్యాసెట్లు. టేపు నిండా తెల్లగా బూజు. పాత పెళ్ళి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే దుకాణానికి తీసుకుపోతే రెండు మాత్రమే ఆడాయి. మిగతా అయిదు పోయినట్టే. ఆ అయిదింటిలో ఎంతమంది మాట్లాడారో, ఏం మాట్లాడారో ఇక ఎవరికీ తెలియదు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

ఆడిన క్యాసెట్టు వేసి చూశాను. మొదటి అరగంట వేదిక. అధికారులు, నాయకులు, దండలు. అతను కింద నిలబడి వాళ్ళను ఎత్తుగా తీశాడు. తర్వాత ఎవరిదో మేడ ఎక్కి, కింద నేల మీద కూచున్న ఆడవాళ్ళను గుంపుగా తీశాడు. అందులో ఒక్క ముఖమూ ఆనవాలు తెలియదు, అన్నీ తలకాయలే. పెళ్ళి అలవాటు కొద్దీ మధ్యమధ్య పూల చట్రాలు కూడా పెట్టాడు. పటేల్ షాట్, బానిస షాట్ రెండూ మా సొంత ఉద్యమం క్యాసెట్లోనే ఉన్నాయి. డబ్బిచ్చింది మేమే. పక్కన నిలబడిందీ మేమే. కెమెరా ఎక్కడ పెట్టాలో మాత్రం మేము చెప్పలేదు. చెప్పవచ్చని కూడా మాకు తెలియదు.

చివర్లో మాత్రం ఒక అయిదు నిముషాలున్నాయి. మధ్యాహ్నం ఎండకు అతను అలిసిపోయి ఒక ఇంటి అరుగు పక్కన నేల మీద కూలబడ్డాడు. కెమెరా ఆగలేదు. ఎదురుగా మా సంఘంలోని ఒక అక్క కూచుని ఉంది. ఆమె పేరు చెప్పను. ఒళ్ళో పిల్లవాడున్నాడు. కెమెరా సరిగ్గా ఆమె కంటి ఎత్తులో ఉంది. ఆమె ఎవరి వంకా చూడకుండా, తాపీగా మాట్లాడింది. మొగుడు కమ్మలు అమ్ముకు తాగిందీ, చంకలో బిడ్డ ఉండగానే కొట్టిందీ, ఒక రాత్రి బావి దాకా పోయి బిడ్డ ఏడుపుకు వెనక్కి వచ్చిందీ చెప్పింది. ఇంత గొప్ప అయిదు నిముషాలు నేను ఏ దేశపు చిత్రంలోనూ చూడలేదు.

మా అక్క కూతురు అది చూసి కంటతడి పెట్టుకుంది. "పిన్నీ, దీన్ని ఇంటర్నెట్లో పెడదాం. వేలమంది చూస్తారు. ఆ జర్మనీవాళ్ళు పెట్టినట్టే" అంది. నాకూ పెట్టాలనే అనిపించింది. కానీ ఆమె ఇంకా బతికే ఉందని తెలిసి, ముందు అడుగుదామని పోయాను.

ఊరు మారిపోయింది. ఆమెకు డెబ్బై దాటాయి. పందిరి కింద నులకమంచం మీద కూచోబెట్టి, "ఏందమ్మా టీచరమ్మా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా" అంది. ఫోనులో చూపించాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇది నేనేనా? ఇంత మాట నేనే అన్నానా?" అంది. మళ్ళీ వెయ్యమంది. మూడుసార్లు చూసింది. తర్వాత కాసేపు ఊరుకుని చెప్పింది.

"దీన్ని మీరు పక్కూళ్ళో టీవీలో ఏశారు గదా టీచరమ్మా. మా మరిది అక్కడ చూశాడు. ఇంటికొచ్చి, 'అన్నా, వదిన టీవీలో నీ పరువు తీసింది' అన్నాడు. ఆ రేత్రే నా చెయ్యిరిగింది."

నాకు ఆ చెయ్యి గుర్తుంది. కట్టుతో మీటింగుకు వచ్చింది. బావి దగ్గర జారిపడ్డానంది. నేను నమ్మాను. ఊరూరా ఆడవాళ్ళ మీద హింస గురించి పాఠాలు చెప్పే నేను, జారిపడ్డానంటే నమ్మాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా" అన్నాను.

"చెప్పలా. చెప్తే మీరు బాధపడతారు. మల్లా మీటింగులకి పిలవరేమోనని గూడా అనుకున్నా" అంది.

అక్కచెల్లెళ్ళారా, ముప్ఫై ఏళ్ళు దాటాక ఈ మాట విన్నాను. మేము ఆమెను అడగకుండా తీశాం. అడగకుండా చూపించాం. మన ఉద్యమానికి మేలు జరుగుతుందనే చూపించాం. జరిగింది కూడా. ఆ మేలుకు ఆమె చెయ్యి ఖరీదైంది. లియోన్ చర్చిలో మాట బయటికి వెళ్ళింది, మనిషి లోపల క్షేమంగా ఉంది. మేము మాటను ఊరూరా తిప్పి, మనిషిని ఆ ఇంట్లోనే వదిలేశాం. 'ఇది కథ మాత్రమేనా' తీసినవాళ్ళు అనుభవాలను కథగా ఎందుకు అల్లారో ఆ పందిరి కింద కూచున్నప్పుడు నాకు నా లెక్కలో అర్థమైంది. కల్పన ఒక్కోసారి స్త్రీకి కొంగులాంటిది. దాని చాటున ఆమె నిజం చెప్పగలదు.

ఇప్పుడేం చేద్దామని అడిగాను. ఇంటర్నెట్లో పెట్టడమంటే ఏమిటో వివరంగా చెప్పాను. లోకంలో ఎవరైనా ఎప్పుడైనా చూడవచ్చని, ఒకసారి పెట్టాక పూర్తిగా తీసెయ్యడం కష్టమని చెప్పాను. ఆమె ఇంటి గోడ వైపు చూసింది. అక్కడ భర్త ఫోటో, దండ. అతను పోయి చాలా ఏళ్ళయింది. ఒళ్ళో ఉన్న ఆ పిల్లవాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. వాళ్ళ నాన్న దేవుడని చెబుతుంటాడట.

"సంఘంలో ఆడోళ్ళు కూచుని ఉంటే చూపియ్యండి. నేనూ వస్తా. ఫోన్లో మాత్రం ఎయ్యొద్దు. మావాడి చేతిలో గూడా ఫోను ఉంటాది గదా" అంది. లేచి వస్తుంటే మళ్ళీ పిలిచింది. "ఒకటి నా మనవరాలి కోసం దాచిపెట్టండి. దానికి పెళ్ళి సంబంధాలు చూసే ముందర చూపియ్యండి. మా నాయనమ్మ ఇంత మాట అందని దానికి తెలవాలి."

మా అక్క కూతురు ఒప్పుకోలేదు. "ఆమె ముఖం కనపడకుండా చేసి పెడదాం పిన్నీ. అలాంటి కష్టంలో ఉన్న ఇంకో ఆడపిల్ల చూస్తే ధైర్యం వస్తుంది కదా" అని వాదించింది. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. ఆ రోల్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఆ వాదన ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తూనే ఉంది. కానీ గొంతు కూడా ఆనవాలే. ఊళ్ళో గొంతు గుర్తుపట్టనివాళ్ళు ఉండరు. పైగా ఆ ముఖాన్ని చెరిపేస్తే, మొదటిసారి కంటి ఎత్తులో దొరికిన ముఖాన్ని మన చేత్తోనే చెరిపినట్టవుతుంది. ఆమె వద్దంది. అంతే.

2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరో తెలిసేలా ప్రచురించడం 1983 నుంచి నేరం. అది 228ఎ సెక్షన్‌గా ఉండేది, ఇప్పుడు న్యాయ సంహితలో 72వ సెక్షన్. కానీ ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ కథను ఎవరు, ఎక్కడ, ఎవరికి చూపించాలన్న ప్రశ్నకు చట్టం దగ్గర నుంచే జవాబు తెచ్చుకుందామంటే కుదరదు. ఆ జవాబు మన సంఘాల నడతలో ఉండాలి. మాట్లాడే హక్కు ఎంత ముఖ్యమో, తన మాట వినేదెవరో ఎంచుకునే హక్కు కూడా అంతే ముఖ్యం. ఆమె నిశ్శబ్దంగా ఉండమని అడగలేదు. ముందు ఆడవాళ్ళకు, తర్వాత మనవరాలికి అంది. అంత తేటగా శ్రోతల్ని ఎంచుకున్న కళాకారులను నేను చూడలేదు.

ఇక చివరగా మన సంఘాల ముందు నాలుగు మాటలు పెడతాను.

ఒకటి. ఈ చిన్న చిత్రాలను కలిసి చూద్దాం. నెలకొకటి చాలు. అన్నీ మంచివని నేననను. అర్థంకానివి, విసుగు పుట్టించేవి కూడా చాలా చూశాను. పేరు గొప్ప, లోపల ఏమీ లేని వాటిని చూసి ఫోను పక్కన పెట్టిన రోజులున్నాయి. అర్థం కానిదాన్ని అర్థం కాలేదని అందరి ముందు చెప్పడం కూడా ఒక ధైర్యమే. తెలుగులో కింద మాటలు రాసి పెడితే చదివేవాళ్ళకు, చదువు రానివాళ్ళకు పక్కన కూచుని చెబితే సరిపోతుంది.

రెండు. చూడటానికి ముందు చేతిలో ఫోను ఉండాలి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు నూటికి 54 మంది. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్ళు నూటికి 33 మందే. ఇంటర్నెట్లో లోకమంతా ఉందంటారు. ఆ లోకం తలుపు తాళం ఎవరి జేబులో ఉందో మనకు తెలుసు.

మూడు. మీ ట్రంకులు తెరవండి. మీ దగ్గర ఉన్న క్యాసెట్లు, ఫోటోలు, కరపత్రాలు బూజు పట్టకముందే బయటికి తీయండి. మాకు అయిదు పోయాయి. తేదీ, ఊరు, మాట్లాడిన మనిషి వివరం రాసి పెట్టండి.

నాలుగు. బయటికి తీసినవాటిని ఎవరికీ చూపించే ముందు, అందులో ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళండి. ఆమె లేకపోతే ఆమె నమ్మిన స్త్రీ దగ్గరికి వెళ్ళండి. వేలిముద్ర వేయించుకున్న కాగితంతో పని అయిపోదు. చూపించి, వివరించి, వద్దంటే వద్దని ఊరుకోవాలి. ఇవాళ అవునని రేపు కాదన్నా వినాలి. కొత్తగా తీసేటప్పుడు ముందు నేల మీద కూచోండి. కెమెరా దానంతట అదే సరైన ఎత్తుకు వస్తుంది.

నేను చెప్పిన ఆ అక్క ఇవాళ మీ మధ్యనే కూచుని ఉంది. తలుపులు వేసి, ఆడవాళ్ళం మాత్రమే ఉన్నప్పుడు మధ్యాహ్నం ఆ అయిదు నిముషాలు చూద్దామని ఆమే అంది. మన ఫోన్లన్నీ ఆ సేపు గుమ్మం బయట బుట్టలో పెడదాం. చూశాక ఆమెతో మాట్లాడాలనుకుంటే మాట్లాడండి. ముందుగా నేను ఒక మాట అనాలి. ఇంతమంది ఎదుట అనాలనే ఆగాను.

అక్కా, ఆ రోజు నిన్ను అడగనందుకు క్షమించు.

సెలవు.